ఓడ లోపలి వైపు

జూన్ 14, 2025, శనివారం. సియాటిల్, అమ్మాయి ఇంట్లో

అలాస్కా ఓడ ప్రయాణానికి పెట్టెలు సర్దడం అయింది. మా ఆవిడ మూడు స్వెట్టర్లు పెట్టి, వాటి మధ్య సీలు తీయని ఆవకాయ సీసా ఒకటి దూర్చింది. "అంత మంచులోకి పోతున్నాం, నోటికి కారం ఉండొద్దూ" అంది.

మేమిద్దరం, అమ్మాయి, అల్లుడు, మనవరాలు. అయిదుగురికీ టికెట్లు 8,400 డాలర్లు అయ్యాయి. రెండు గదులు, రెండింటికీ బాల్కనీ. "రూపాయల్లోకి మార్చి చూడకు నాన్నా" అంది అమ్మాయి. మార్చి చూశాను. ఏడు లక్షలు దాటింది. కంచరపాలెంలో మా ఇంటి పై అంతస్తు 1998లో ఇంతకంటే తక్కువకే లేచింది. దీనిమీద టిప్పు ఒకటి. తలకి రోజుకి 18 డాలర్ల చొప్పున ఏడు రోజులకి 630. మన చేత్తో ఇచ్చేదేం లేదు, వాళ్ళే బిల్లులో వేసేసుకుంటారు. ఇంటర్నెట్‌కి వేరే. ఒడ్డు మీద రైలెక్కితే వేరే.

ముప్ఫై నాలుగేళ్ళు విశాఖపట్నం పోర్టు ట్రాఫిక్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి టగ్గులు లాక్కొచ్చిన ఓడలు ఎన్ని వందలు చూశానో లెక్కలేదు. అన్నీ బెర్త్ మీద నిలబడి చూసినవే. ఎప్పుడైనా పైకెక్కినా కాగితాల పని, సంతకాలు, మళ్ళీ కిందికి. యాత్రికుడిగా ఇంత పెద్ద ఓడ ఎక్కడం ఇదే మొదలు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ నెమ్మదిగా అడిగింది: "మనలాంటివాళ్ళు కూడా ఎక్కుతారా అందులో?" అమ్మాయి నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఆ ప్రశ్న దగ్గర అన్నం ముద్ద ఆగింది. ఈ వారం ఖర్చుతో పాటు అదీ చూసి రాసుకోవాలి.

జూన్ 15, ఆదివారం. పియర్ 91

రేవులోకి రాగానే నా కళ్ళు ముందు ఓడ వెనక భాగానికి పోయాయి. అక్కడ ఓడ పేరు కింద నసావు అని, బహామాస్ రాజధాని పేరు రాసి ఉంది. అమెరికా రేవు, ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది అమెరికావాళ్ళు, జెండా బహామాస్‌ది. పన్నుల కోసం, సిబ్బందిని ఏ దేశం నుంచైనా తెచ్చుకునే వీలు కోసం ఓడల యజమానులు ఇలా చేస్తారు. మా పోర్టుకి వచ్చే సరుకు ఓడల్లో పనామావి, లైబీరియావి ఎన్నో ఉండేవి. అయితే ఇక్కడ దీనికో మెలిక ఉంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవు నుంచి బయల్దేరి అమెరికా రేవులకే తిరిగి యాత్రికుల్ని దించకూడదని 1886 నాటి చట్టం. మధ్యలో ఎక్కడో పరాయి దేశం తొక్కి రావాలి. అందుకే ఆఖరి సాయంత్రం కెనడాలోని విక్టోరియా ఊరు. ఆ ఒక్క సాయంత్రం కోసం మా ఇద్దరికీ కెనడా వీసా కావాల్సి వచ్చింది. వేలిముద్రలతో కలిపి తలకి 185 కెనడా డాలర్లు. వరసలో మా పక్కనున్న ముసలి దంపతులకి ఆ ఊసే లేదు. ఏ పాస్‌పోర్టు ఉన్నవాడికి ఎంత స్వాగతమో ఓడ కంటే ముందు రేవే చెప్పేసింది.

రెండు వరసలున్నాయి. పెద్ద గదులు తీసుకున్నవాళ్ళది ఒకటి, అక్కడ కుర్చీలూ పళ్ళరసాలూ. రెండోది మాది. గంటా పది నిమిషాలు నిలబడ్డాం. మా ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటుంటే ఒక అమ్మాయి చూసి, ఎవర్నీ అడక్కుండా చక్రాల కుర్చీ తెచ్చి ఇచ్చింది. ఫిలిప్పీన్స్ పిల్ల.

మా గది చూసే కుర్రాడు ఇండోనేషియావాడు, జావా ద్వీపం. పదిహేడు గదులు అతని చేతిలో ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడి మా ఇద్దరి పేర్లూ రెండుసార్లు పలికి, సరిగ్గా ఉందా అని అడిగాడు. మా ఆవిడ పేరు నోరు తిరక్క, "మామా అని పిలవచ్చా" అన్నాడు. పిలవమంది.

జూన్ 16, సోమవారం. నడి సముద్రం

పొద్దున్నే లేచి చూద్దును కదా, ఆవిడ పక్క దులిపి, దుప్పటి మడతపెట్టి, దిండ్లు సర్దేసింది. "వాడెవరో మన పక్క ఎత్తడమేమిటండీ" అంది. కుర్రాడొచ్చి చూసి కంగారు పడ్డాడు. తన పనిలో ఏదైనా తప్పు జరిగిందా అని అడిగాడు. లేదు బాబూ, అలవాటు అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

పదకొండింటికి మనవరాలు పరిగెత్తుకుంటూ ఓడ ముందు వైపుకి వెళ్ళింది. నేను వెనకాలే. ఒక గాజు తలుపు, పక్కన కార్డు పెట్టే యంత్రం, పైన చిన్న బోర్డు. ఆ ముందు డెక్ సూట్ గదులవాళ్ళకి మాత్రమే. కాపలా ఉన్నతను నేపాలీ. మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల ఎత్తుకి దిగి, "ఇటు కాదమ్మా, నేను ఇంకో మంచి చోటు చూపిస్తా" అని చెయ్యి పట్టుకుని పక్క మెట్ల దాకా తీసుకెళ్ళాడు. అతని మీద నాకు రవంత కోపం రాలేదు. కోపమంతా ఆ బోర్డు మీద. మెత్తటి పరుపుకి ఎక్కువ పుచ్చుకోండి, పెద్ద గదికి పుచ్చుకోండి. సముద్రం కనబడే ముందు వైపుకి తాళం వేసి అమ్మడమేమిటి? "అటు ఎందుకు వెళ్ళకూడదు తాతయ్యా" అంటే ఆరేళ్ళ పిల్లకి ఏం చెప్పను.

తరగతులు నాకు తెలియనివి కావు. 1986లో విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ ఓడలో వెళ్ళాను. దాదాపు రెండున్నర రోజులు. అందులోనూ కింద బంక్ క్లాసు, పైన క్యాబిన్లు, ఇంకా పైన డీలక్స్. నాది బంక్. చుట్టూ అండమాన్‌లో పనికి పోతున్న శ్రీకాకుళం జనం. ఓడ ఊగి సగం మంది వాంతులు చేసుకుంటుంటే, టెక్కలి వైపు ఒక ముసలమ్మ తన మూట విప్పి పులిహోర అందరికీ తలో పిడికెడు పెట్టింది. నిమ్మకాయ వాసన చూస్తే కడుపులో తిప్పడం తగ్గుతుందని చేతిలో కాయ కూడా పెట్టింది. ఆ ఓడ శుభ్రంగా లేదు, మంచినీళ్ళ కుళాయి దగ్గర తగువులు అయ్యేవి. కానీ తెల్లారగట్ల ఓడ ముందుకి వెళ్ళి నిలబడితే ఎవరూ వద్దనలేదు. ఎగిరే చేపలు చూశాను అక్కడ.

రాత్రి భోజనం. ఆవిడ శాకాహారి. మెనూలో శాకాహారం అంటే పుట్టగొడుగులు, ఉడికించిన కూరలు, రొట్టె. వడ్డించే కుర్రాడు రత్నగిరివాడు. ఆవిడ ఆవకాయ సీసా తీసి పళ్ళెం పక్కన పెట్టుకుని, ఎవరైనా ఏమైనా అంటారేమోనని రుమాలు కప్పింది. అతను రుమాలు తీసి సీసా చేతిలోకి తీసుకుని చూసి లోపలికి వెళ్ళాడు. పది నిమిషాలకి స్టీలు గిన్నెలో పప్పు, పొగలు కక్కుతున్న అన్నం. సిబ్బంది భోజనశాలలో తాము తినేదట. "రోజూ తెస్తాను, మెనూ చూడకండి" అన్నాడు హిందీలో. ఆ పప్పులో ఉప్పు తక్కువైంది. నేను రెండోసారి అడిగి వేయించుకున్నాను.

జూన్ 17, మంగళవారం. జూనో

అలాస్కా రాజధాని. ఈ ఊరికి బయట నుంచి రోడ్డు లేదు, ఓడలోనో విమానంలోనో రావాలి. జనాభా ముప్ఫై వేల పైచిలుకు. ఏటా ఓడల్లో దిగేవాళ్ళు పదహారు లక్షలు దాటుతున్నారు. మనింటికి రోజూ పెళ్ళివారు దిగితే ఎలా ఉంటుందో ఆలోచించాను. 2024 నుంచి రోజుకి అయిదు పెద్ద ఓడలకి మించి రాకూడదని ఊరూ, కంపెనీలూ ఒప్పందం చేసుకున్నాయి. వచ్చే ఏడాది నుంచి మనుషుల లెక్క కూడా వస్తుంది. మామూలు రోజుల్లో 16,000, శనివారం 12,000. శనివారాలు పెద్ద ఓడలే వద్దని కిందటి అక్టోబర్‌లో ఓటు పెడితే అది ఓడిపోయింది. దుకాణాలవాళ్ళూ ఊరివాళ్ళే, చప్పుడు భరించలేనివాళ్ళూ ఊరివాళ్ళే. మమ్మల్ని చూసి ఎవరూ మొహం తిప్పుకోలేదు. కానీ వీధిలో అడ్డంగా నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, కూరగాయల సంచితో పోతున్న ఒకావిడ ఆగి, మేం తప్పుకునేదాకా చూసింది. నేను సిగ్గుపడి అందర్నీ పక్కకి లాగాను.

అమ్మాయి, అల్లుడు, మనవరాలు మెండెన్‌హాల్ మంచునది చూడ్డానికి బస్సెక్కారు. మేమిద్దరం రేవు దగ్గరే ఉండిపోయాం. అక్కడే కార్లు నిలిపే భవనం ఒకటుంది. దాని పై అంతస్తులో ఊరి లైబ్రరీ. లిఫ్ట్‌లో పైకెళ్తే కిటికీ కింద ఓడలన్నీ కనిపిస్తాయి. లోపల పుస్తకాల వాళ్ళ కంటే ఓడల సిబ్బందే ఎక్కువమంది ఉన్నారు. ఉచితంగా ఇంటర్నెట్ దొరుకుతుందని. గోడ వారగా నేల మీద కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో ఫోన్. చెవుల్లో వైర్లు, పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. మా చక్రాల కుర్చీ అమ్మాయీ ఉంది. ఫోన్‌లో ఎవరో ముసలాయన. ఈ పిల్ల అరచెయ్యి తెరకి అడ్డంగా పెట్టి ఆశీర్వాదం తీసుకుంటున్నట్టు నుదురు వంచింది. అరగంట కాగానే అందరూ ఒక్కసారే లేచారు. డ్యూటీ టైమ్.

దగ్గర్లోనే మనీలా స్క్వేర్ అని చిన్న చోటు. అక్కడ ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిజాల్ విగ్రహం. ఫిలిప్పీన్స్ దేశంవాళ్ళు ఓడల్లో వడ్డనకి రావడం నిన్నా మొన్నటిది. అంతకు చాలా ముందే అలాస్కా చేపల క్యానరీల్లో వాళ్ళ తాతలు పనిచేశారు. ఈ తీరంలో వాళ్ళకి ఊరూ విగ్రహమూ ఉన్నాయి. ఆ పిల్ల ఇక్కడ అతిథేనా, ఇంటి మనిషా? నాకైతే నాకంటే ఆమెకే ఈ రేవు మీద హక్కు ఎక్కువ అనిపించింది.

జూన్ 18, బుధవారం. స్కాగ్‌వే

తెల్లవారుజామున ఓడ కట్టడం చూడాలని బాల్కనీలో నిలబడ్డాను. దీనికి మాత్రం బాల్కనీ పనికొచ్చింది. పైనుంచి సన్న తాడు విసిరారు, చివర బరువు ముడి. కింద ఇద్దరు పట్టుకుని లాగితే దాని వెనక లావు తాడు నీళ్ళలోంచి లేచి వచ్చింది. బొలార్డ్‌కి తగిలించి చెయ్యెత్తారు. పైన వించి బిగుసుకుంది. తాళ్ళకి ఎలుకలు పాకకుండా గుండ్రటి రేకులు తొడిగారు. అచ్చం మా బెర్త్ మీద చేసినట్టే. మాట్లాడే భాష వేరు, చెయ్యెత్తే తీరు ఒకటే.

రేవు పక్కన నిట్టనిలువు కొండ. దానిమీద ఓడల పేర్లు, గుర్తులు, కెప్టెన్ల పేర్లు, సంవత్సరాలు రంగులతో రాసి ఉన్నాయి. 1928 నుంచీ సిబ్బంది రాసుకున్నవట. ఎండకీ వానకీ వెలిసిపోయినవీ, కొత్తవీ పక్కపక్కనే. యాత్రికుల పేరు ఒక్కటీ లేదు. చాలా నచ్చింది నాకా గోడ.

పిల్లలు వైట్ పాస్ రైలెక్కారు. 1897లో ఈ ఊరి మీదుగానే బంగారం కోసం జనం కెనడాలోని క్లోండైక్‌కి ఎగబడ్డారు. ఏడాదికి సరిపడా సామాను, మనిషికి దాదాపు ఒక టన్ను, తెచ్చుకుంటే తప్ప కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. ఈ కనుమలో మూడు వేల దాకా గుర్రాలూ కంచరగాడిదలూ చచ్చాయి. టిక్కెట్ల డబ్బులు మిగుల్చుదామని నేను ఎక్కలేదు. వచ్చాక మనవరాలు చెబుతుంటే విన్నాను. ఎక్కాల్సింది.

జూన్ 19, గురువారం. గ్లేసియర్ బే

పొద్దున చిన్న పడవలో జాతీయ ఉద్యానవనం రేంజర్లు వచ్చి, నడుస్తున్న ఓడ పక్క తలుపు నుంచి ఎక్కారు. రోజుకి రెండు పెద్ద ఓడల్నే లోపలికి రానిస్తారు. నెలల ముందు నుంచే వంతులు.

తొమ్మిదికి మైకులో చెప్పారు, ఇవాళ ముందు డెక్ అందరికీ తెరుస్తున్నామని. సోమవారం మూసి ఉన్న గాజు తలుపు బార్లా తీసి ఉంది. అదే నేపాలీ మనవరాల్ని గుర్తుపట్టి, "రా, ముందుకెళ్ళు" అన్నాడు. సూట్ల వాళ్ళూ, లోపలి గదులవాళ్ళూ, మేమూ, ఆ డెక్ మీద భుజాలు రాసుకుంటూ నిలబడ్డాం. ఎవరో మా ఆవిడకి రెయిలింగ్ దగ్గర చోటిచ్చారు. ఇంకెవరో తన దుప్పటి సగం ఆవిడ మీద కప్పారు.

1794లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ మనుషులు వచ్చినప్పుడు ఈ అఖాతమంతా మంచే. 1879లో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ వచ్చేసరికి నలభై మైళ్ళకి పైగా వెనక్కి పోయింది. అంతకు ముందు మంచు ముందుకి జరిగినప్పుడు ఇక్కడుండే ట్లింగిట్ జనం ఊళ్ళొదిలి పారిపోవాల్సి వచ్చిందని రేంజరమ్మ చెప్పింది. ఇప్పుడు మేం దాన్ని చూడ్డానికి ఇంత నూనె తగలేసి వచ్చాం. ఈ మాట ఎవరూ అనలేదు. నాకు మాత్రం రోజంతా గుచ్చుకుంది.

మార్జరీ మంచునది ముందు ఓడ ఆగింది. మైలు వెడల్పు, నీటి పైన 250 అడుగుల ఎత్తు. తెలుపు అనుకున్నాను. పగుళ్ళలో నీలం, బట్టలు జాడించే నీళ్ళలో నీలిమందు ఎక్కువైనట్టు. ఎవరూ మాట్లాడ్డం లేదు. అంతలో పెళుక్కుమంది. ఎడమ పక్క ఒక ముక్క, మా వీధంత ముక్క, నిదానంగా వంగి కిందికి జారింది. ముందు కంటికి, తర్వాత చెవికి. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. మా పోర్టులో వ్యాగన్ తిప్పి ఇనుప ఖనిజం కుమ్మరించినప్పుడు కడుపులో అదిరేది ఇదే. తర్వాత అల వచ్చి ఓడని మెల్లగా ఎత్తి దించింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. యాభై ఏళ్ళ కాపురంలో నలుగురిలో చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు.

గంట సేపున్నాం. ఏడు లక్షల్లో ఈ గంట ఎంతని వేసుకోవాలో నాకు రాలేదు.

మధ్యాహ్నం మళ్ళీ ముందు డెక్‌కి వెళ్ళాను. తలుపు మూసేశారు.

జూన్ 20, శుక్రవారం. కెచికన్

వాన. ఏడాదికి 3,800 మిల్లీమీటర్ల దాకా పడుతుందట. విశాఖలో పడేదానికి మూడింతలు పైన. గొడుగు పట్టుకున్నవాళ్ళంతా ఓడవాళ్ళే, ఊరివాళ్ళెవరికీ గొడుగు లేదు. చెక్క దుంగల మీద కట్టిన వీధి, కింద వాగు, సాల్మన్లు ఎక్కే కాలం ఇంకా రాలేదు. వజ్రాల దుకాణాలు ఎందుకు ఇన్నున్నాయో అల్లుణ్ణి అడిగితే, అవన్నీ ఓడలవాళ్ళ కోసమే, ఓడలు రాని సీజన్‌లో చాలావరకు మూసేస్తారు మావయ్యగారూ అన్నాడు. ఎక్కువ తిరగలేదు.

జూన్ 21, శనివారం. విక్టోరియా, రాత్రి

అయిదు గంటల ఊరు. పూలు బాగున్నాయి. వీసా కాగితం ఎవరూ రెండు క్షణాల కంటే చూడలేదు.

రాత్రి భోజనం దగ్గర రత్నగిరి కుర్రాడితో తీరుబడిగా మాట్లాడాను. ఎనిమిది నెలల కాంట్రాక్టు. వారంలో సెలవు రోజు లేదు. రోజుకి పది గంటలు, ఒక్కోసారి పదకొండు. సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో పది గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఇస్తున్నారా అంటే, ఇస్తున్నారు, కానీ ఒకేసారి కాదు, ముక్కలుగా అన్నాడు. వాళ్ళ నాన్న పడవ మీద చేపలకి వెళ్ళేవాడు. రెండు కాంట్రాక్టుల్లో ఇంటి రేకులు తీసేసి స్లాబ్ వేయించాడట. నా పై అంతస్తు సంగతి చెప్పాను. సిమెంటు బస్తా అప్పుడెంతో ఇప్పుడెంతో లెక్కలు వేసుకున్నాం. పక్క బల్లవాళ్ళు పిలిచేదాకా.

నేను యూనియన్‌లో పనిచేసినవాణ్ణి. ఎనిమిది గంటల షిఫ్టు, ఓవర్‌టైమ్, వారపు సెలవు కోసం మా పెద్దలు గేటు ముందు కూర్చున్న సంగతి తెలిసినవాణ్ణి. ఈ 630 డాలర్లు టిప్పు పేరుతో నా చేత ఇప్పించకుండా, జీతం పేరుతో కంపెనీ ఇవ్వాలి. అప్పుడు టికెట్ పెరుగుతుందంటారా, పెరగనివ్వండి. మనిషి బాగా చూసుకున్నందుకు బిల్లు రాకూడదు.

అమ్మాయి అడిగింది, డబ్బుకి తగ్గట్టు ఉందా నాన్నా అని. గదికి లేదు. బాల్కనీలో మేం వారంలో కూర్చున్నది మూడు గంటలు. తిండికి లేదు, అంత తినేవాళ్ళం కాము, పారేసింది చూస్తే కడుపు తరుక్కుపోయింది. మంచునది గంటకి ఉంది. మీ అమ్మ మోకాళ్ళతో ఇంకే దారిలోనూ అక్కడికి రాలేదు. మళ్ళీ వస్తే కిటికీ లేని లోపలి గది చాలు, పొద్దంతా డెక్ మీదే ఉంటాను. "చిన్న ఓడలుంటాయి నాన్నా, రెండు వందలమందే, టిప్పులూ అన్నీ టికెట్‌లోనే" అంది. తలకి పది వేల డాలర్లట. ఆ ఓడలో ముందు డెక్‌కి తాళం ఉండదు, నిజమే. రేవులోనే వేసేస్తారు ఆ తాళం.

గదుల బయట పెట్టెలు పెట్టేశాం. రెండు కవర్లు సిద్ధం చేశాను. రత్నగిరి కుర్రాడి కవరుతో పాటు సగం మిగిలిన ఆవకాయ సీసా కూడా ఇచ్చేసింది ఆవిడ. దానికి అతను రెండు చేతులూ చాచాడు.

జూన్ 22, ఆదివారం. సియాటిల్

ఏడింటికల్లా గది ఖాళీ చేయాలి. పదకొండింటికి కొత్తవాళ్ళు ఎక్కుతారు. బాల్కనీలోంచి చూస్తే ఫోర్క్‌లిఫ్టులు ఉల్లిపాయల బస్తాలూ గుడ్ల పెట్టెలూ లోపలికి తోస్తున్నాయి. వరండాలో ప్రతి తలుపు ముందూ మాసిన దుప్పట్ల గుట్టలు.

నేను చెప్పులు తొడుక్కుని తిరిగి చూసేసరికి, మా ఆవిడ పక్కల మీది దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు అన్నీ లాగేసింది. పెద్ద దుప్పటి నేల మీద పరిచి అన్నీ అందులో వేసి, నాలుగు మూలలూ ఎదురెదురుగా ముడి వేసింది. ఇంటి దగ్గర చాకలికి వేసేటప్పుడు కట్టే మూటలాగే. జావా కుర్రాడు తలుపు దగ్గర ఆగిపోయాడు. చొక్కా అప్పటికే తడిసి ఉంది, ఇంకా పద్నాలుగు గదులున్నాయన్నాడు. మూట ముడి పట్టుకుని ఒకసారి లాగి చూశాడు, ఊడలేదు. "మామా" అన్నాడు. ఎత్తి భుజాన వేసుకుని పక్క గదిలోకి వెళ్ళాడు.